ఒకే దీవి, ఒకే బాంబు... పీతలో రేడియేషన్ ఉంది, పక్షిలో పెద్దగా లేదు, ఎందుకని?

అట్టచిప్ప: మార్షల్ దీవుల్లో అమెరికా వాళ్ళు 1946 నుంచి 1958 దాకా 67 అణు పరీక్షలు చేశారు కదా, అక్కడి బికినీ, ఎనివెటాక్ దీవుల గురించి చదువుతున్నా. నేల మీదే తిరిగే కొబ్బరి పీతల్లో, బాంబులు వదిలిన రేడియేషన్ పదార్థాలు సీజియం, స్ట్రాన్షియం బాగా ఉన్నాయంట, అదే దీవి మీద గూడు కట్టే సముద్ర పక్షుల్లో మాత్రం చాలా తక్కువంట. ఇద్దరూ ఉండేది ఒకే నేల మీద కదా, మరి ఇంత తేడా ఏంటి?

నత్తనడక: ఉండేది ఒకచోటే కానీ తినేది వేరు, అంతే. పక్షికి దీవి పడుకోడానికే, తిండి మాత్రం బయట సముద్రంలో చేపలు. పీత తినేదంతా ఆ మట్టిలో మొలిచిందే, కొబ్బరి, మొగలి జాతి పళ్ళు, రాలినవీ కుళ్ళినవీ. పగడపు మట్టిలో పొటాషియం చాలా తక్కువ, చెట్టు దానికోసం వెతుక్కుంటూ అచ్చం దానిలాగే ఉండే సీజియంని లాగేసుకుంటది. అందుకే బికినీలో పొటాషియం ఎరువు వేసి చూస్తే కాయల్లో సీజియం బాగా తగ్గింది. సముద్రపు నీళ్ళలో పొటాషియంకి కొదవే లేదు, పైగా అంత నీళ్ళలో కలిసి పలచబడిపోతది, కాబట్టి చేపల్లో సీజియం తక్కువే.

అట్టచిప్ప: ఓకే సీజియం అర్థమైంది. స్ట్రాన్షియం?

నత్తనడక: అది కాల్షియం వేషం వేస్తది, నేరుగా పెంకులోకే పోతది. ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఏంటంటే కొబ్బరి పీత పెంకు విడిచాక ఆ పాత పెంకుని తనే తినేస్తది, కొత్త పెంకుకి కాల్షియం కావాలి కదా, దాంతో పాటే స్ట్రాన్షియం మళ్ళీ ఒంట్లోకి వచ్చేస్తది. సగం తగ్గడానికే 29 ఏళ్ళు పట్టే సరుకు అది, ఈ పీతేమో 40 ఏళ్ళు పైనే బతుకుతది.

గాలివాన77: అయితే పాదరసం లాగా, చిన్న చేపల్ని తినే పెద్ద చేపకే ఈ రేడియేషన్ పదార్థాలు ఎక్కువ ఎక్కుతాయా?

నత్తనడక: అన్నిటికీ ఆ లెక్క కుదరదు. ప్లుటోనియం చూడు, అడుగున బురద, నాచు గీకి తినే చేపల పేగుల్లో కనిపిస్తది కానీ అక్కడినుంచి కండలోకి దాదాపు ఎక్కదు, దాన్ని తినే పెద్ద చేపకి ఇంకేం చేరుతది. సీజియం అలా కాదు, కండలోకే పోతది, కాకపోతే శరీరం దాన్ని మెల్లగా బయటికి పంపేస్తది, తిండి మారితే తగ్గుతది.

ఉప్పుగాలి: మనుషులకీ అదే జరిగింది. 70ల్లో బికినీకి కొందరు తిరిగొచ్చి అక్కడి కొబ్బరి కాయలే తిన్నారు, ఒంట్లో సీజియం పెరిగిపోయి 1978లో మళ్ళీ అందర్నీ ఖాళీ చేయించారు. మొత్తం దీవినంతా కొలిచి ఒక సగటు అంకె చెప్తే చాలదు, ఎవరు ఏం తింటున్నారో చూడాలి.

అట్టచిప్ప: థాంక్స్ అందరికీ. పాత పెంకు తినడం మాత్రం అస్సలు ఊహించలేదు