షటిల్‌ని మళ్లీ మళ్లీ వాడినా ఖర్చు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: నాసా వాళ్ల రెక్కలున్న అంతరిక్ష నౌక స్పేస్ షటిల్ 1981 నుంచి 2011 దాకా 135 సార్లు ఎగిరింది కదా, వాడి పారేసే రాకెట్ల కంటే చవక కావాలి. కాలేదంటారు, ఎందుకని?

జవాబు 1: అంతా మళ్లీ వాడలేదండీ. ఆ పెద్ద నారింజ రంగు ఇంధన ట్యాంకు ప్రతిసారీ పోయేది. పక్కనుండే బూస్టర్ రాకెట్లను సముద్రంలోంచి లాక్కొచ్చి, విప్పి, మళ్లీ ఇంధనం నింపాలి. అసలు తలనొప్పి ఒంటికి అతికించిన 20 వేలకు పైగా వేడి తట్టుకునే పలకలు. దిగిన ప్రతిసారీ వాటిని చూసుకుంటూ పోయి, పాడైనవి మార్చాలి, ఇక ఇంజన్ల తనిఖీ వేరే.

జవాబు 2: నన్నడిగితే ఖర్చు కంటే పెద్ద తప్పు షటిల్‌ని ట్యాంకు పక్కన తగిలించడం. పైనుంచి ఏది ఊడినా దానికే తగిలేది. 2003లో కొలంబియా అనే షటిల్ ఎడమ రెక్కకు ట్యాంకు నురుగు ముక్క తగిలి, తిరిగొచ్చేటప్పుడు అందులోని ఏడుగురూ పోయారు. క్యాప్సూల్ (రెక్కల్లేని చిన్న నౌక) అయితే రాకెట్ నెత్తిన ఉంటుంది, తేడా వస్తే విడిపోయి తప్పించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: మరి సోవియట్ వాళ్ల షటిల్ బురాన్?

జవాబు 1: 1988 నవంబర్‌లో ఒక్కసారే ఎగిరింది, అదీ మనుషుల్లేకుండా. కానీ తనంతట తనే రన్‌వే మీద దిగింది, ఆ పని షటిల్ ఎప్పుడూ చేయలేదు!

జవాబు 3: ఇప్పుడు స్పేస్‌ఎక్స్ కంపెనీ క్యాప్సూల్ క్రూ డ్రాగన్ చూడండి. 2020లో ఇద్దర్ని తీసుకెళ్లిన క్యాప్సూలే 2021 ఏప్రిల్‌లో నలుగురితో వెళ్లింది. వెనకుండే ట్రంక్ అనే భాగం మాత్రం ప్రతిసారీ కొత్తదే.