ఫార్మలిన్ మనమే కలుపుకోవాలా, బఫర్‌ది కొనాలా?

రాయగడ టెక్నీషియన్: మాది చిన్న ల్యాబ్. పాథాలజిస్టు లేరు, బయాప్సీ ముక్కలు విశాఖ రైల్లో వెళ్తాయి. ముక్కలు కుళ్లకుండా వేసే ఫార్మలిన్‌ని పదేళ్లుగా ఒక పాలుకి తొమ్మిది పాళ్లు బోరు నీళ్లతోనే కలుపుతున్నాం. మొన్న అక్కణ్నుంచి ఫోన్: స్లైడు నిండా నల్లమచ్చలట, బఫర్ (ఆమ్లం పెరగకుండా ఆపే లవణాలు) కలిపినది వాడమన్నారు. రెడీమేడ్ కొందామంటే ఓనరు కయ్‌మంటున్నాడు. కొనక తప్పదా?

బరంపురం పీజీ: అక్కర్లేదన్నా. ఫార్మలిన్ నిల్వ ఉంటే ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లంలో రక్తంలోని హీమ్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) నల్లటి పిగ్మెంటుగా దిగుతుంది. 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్, 6.5 గ్రాముల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ అన్‌హైడ్రస్ కరిగించి, 100 మి.లీ. ఫార్మలిన్ పోయండి. పీహెచ్ 7 దరిదాపుల్లో, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా ఉంటుంది. అంతే!

జయపురం ల్యాబ్: "అంతే" అనడం తేలికే. మా కుర్రాడు ఆ డైసోడియం ఉప్పులోనే నీటి అణువులు కలిసిన డోడెకాహైడ్రేట్ డబ్బా తెచ్చి అదే 6.5 గ్రాములు తూచాడు. దానికైతే 16 గ్రాముల పైనే కావాలి. పైగా ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కిటికీ లేని గదిలో కళ్లు మండుతూ కలపడం దేనికి? కొనండి.

బరంపురం పీజీ: లేబుల్ చదవనిది మీ కుర్రాడు, తప్పు బఫర్‌దా? పీహెచ్ పట్టీ ముంచితే తెలిసిపోయేది. గాలి సంగతి మాత్రం ఒప్పుకుంటా.

పర్లాకిమిడి రిటైర్డ్: మీరిద్దరూ సీసాలోనే ఉన్నారు, ముక్క సంగతి చూడరేం? ఒకసారి మాకు రొమ్ము గడ్డ మొత్తాన్ని ఇరుకు మూతి సీసాలో కుక్కి పంపారు. పైన గట్టిగా ఉంది, కోస్తే లోపల మెత్తగా కుళ్లింది. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి వెళ్తుంది బాబూ. కొన్నదైనా కలిపినదైనా ముక్కకు పది రెట్లు ఉండాలి. పెద్ద గడ్డకు ఫార్మలిన్ లోపలికి దిగేలా గాటు ఎక్కడ పెట్టాలో సర్జన్‌నే అడగండి. రొమ్ము ముక్కైతే హార్మోన్ రిసెప్టర్ పరీక్షల (గడ్డ హార్మోన్లకు స్పందించే రకమా అని చూసేవి) కోసం ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకూడదు, 72 దాటకూడదు. శనివారం తీసి సోమవారం రైలెక్కిస్తే ఇంకేం మిగులుతుంది? ఫార్మలిన్‌లో వేసిన టైము సీసా మీద రాయండి.

రాయగడ టెక్నీషియన్: టైము మేమెప్పుడూ రాయలేదు. ఇప్పుడే పాత క్యాను చూశా, అడుగున తెల్లగా పేరుకుంది. వడగట్టి వాడొచ్చా?

జయపురం ల్యాబ్: వద్దు. అది పారాఫార్మాల్డిహైడ్, ఫార్మాల్డిహైడే గట్టిపడి దిగింది. అడుగున దిగింది పోగా పైన ఎంత బలం మిగిలిందో ఎలా తెలుస్తుంది?

బరంపురం పీజీ: ఈ ఒక్కదానికీ నేనూ మీ వైపే. కొత్త క్యాను తెప్పించండన్నా.