పెద్దన గారి 'ఊరక': ఫ్రీగా అనా, ఏ కారణం లేకుండా అనా?

నిన్నట్నుంచి అల్లసాని పెద్దన పద్యంలోది ఒకటే లైను బుర్రలో తిరుగుతోంది, "ఊరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే". మా ఫ్రెండొకడు బొమ్మలేస్తాడు, ఎవరో పెళ్ళికార్డుకి బొమ్మ వేసిపెట్టమని పైసా కూడా ఇవ్వం అన్నారట, వాడికి ఇది పంపుదామనుకున్నా. తీరా మొత్తం గుర్తు తెచ్చుకుంటే పెద్దన డబ్బు మాటే ఎత్తలేదు, నిరుపహతి స్థలం (ఏ ఇబ్బందీ లేని చోటు), కప్పురవిడెం (కర్పూర తాంబూలం), ఉయ్యెల మంచం, ఒప్పుతప్పులు చూసే రసజ్ఞులు, అంతే. మరి ఈ ఊరక ఏంటి? కామెంట్లలో చెప్పండి.

సీసమాలిక: ఫ్రీ కానే కాదండీ. "ఊరక రారు మహాత్ములు"లో పోతన ఊరక ఏంటి మరి, నందుడి ఇంటికొచ్చిన గర్గముని ఫీజు లేందే రాడనా? ఇక్కడా అంతే, ఇవేవీ అమరకుండా ఉత్తినే కూర్చుని రాయమంటే కుదరదని.

కమలాపురం: మా కడప పక్క "ఊరకే ఇచ్చినాడు" అంటే దుడ్లు తీసుకోకుండా ఇచ్చినాడనే. రాయలు పెద్దనకిచ్చిన కోకటం అగ్రహారం మా పక్కూరే, పెద్దన భాష మాకు తెలీదా? అసలది "ఊరకే" అనే ఉండుంటాది, రాసుకున్నోళ్ళు మార్చేసినారు.

సీసమాలిక: ఊరకే పెడితే చంపకమాల కాలు విరుగుతుంది, అక్కడ భగణం (ఒక గురువు, రెండు లఘువులు) కావాలి.

గోదారిగట్టు: కృ ముందు 'క' గురువవదా మాస్టారూ, మరి భగణం ఎలా నిలుస్తుంది?

సీసమాలిక: కృలో ఉన్నది వట్రసుడి (ఋ అచ్చు గుర్తు), సంయుక్తం కాదు బాబూ.

గోదారిగట్టు: సరే. కానీ పెద్దన లెక్క ఎప్పుడూ డబ్బుది కాదు. "ఎదురైనచో తన మదకరీంద్రము నిల్పి" సీసం చూడండి, నాలుగు పాదాల్లో అగ్రహారాలకి దక్కింది ఒక్కటే, మిగతా మూడూ ఏనుగు ఆపి చెయ్యిచ్చి ఎక్కించుకోడం, పల్లకి తన చేత్తో ఎత్తడం, గండపెండేరం (బిరుదుగా ఇచ్చే కాలి అందె) తనే కాలికి తొడగడం. రాయలు పోయాక తలుచుకుని ఏడ్చింది వీటికే. అదే శ్రీనాథుణ్ణి చూడండి, దీనార టంకాలతో (నాణేలతో) స్నానం చేయించుకున్నవాడు చివరికి టంకంబు లేడునూర్లు (ఏడువందల టంకాలు) కట్టలేక ఎదురెండలో నిలబడ్డాడని చాటువు. అయినా ఆయన సీసం ముందు పెద్దన సీసం ఎంతలెండి.

కమలాపురం: ఇది మాత్రం ఒప్పుకోను అన్నా.

సిద్దిపేట: మా దిక్కు "ఉత్తగ" అంటం. చేర్యాల పటం (కథ బొమ్మలేసిన బట్ట) కట్టి కూనపులోల్లు మార్కండేయ పురాణం చెప్తే పద్మశాలోల్లు బియ్యమో బట్టలో పైసలో ఇచ్చి పంపాలె, అది మిరాశి, తాతలనాటి హక్కు. టికెట్టు ఉండదు గని ఉత్తగ జెప్పినట్టు కాదు. గిది మీ రెండు అర్థాలల్ల దేంట్లకొస్తది?

సీసమాలిక: అది వేరే పోస్టు పెట్టండి, బావుంటుంది.

పోస్టు పెట్టినవాణ్ణి నేనే, ఇంతకీ మావాడికి పంపొచ్చా?

సీసమాలిక: పంపండి, ఉయ్యెలని ఉయ్యల అని దిద్ది మరీ పంపండి.

గోదారిగట్టు: ఉయ్యెలే కరెక్టు. మీరేమన్నా తాళపత్రం చూశారా?