కరెంటు, గ్యాస్, బియ్యం, నూనె, నీళ్లు: మీ ఇంట్లో ఏది ఎక్కువ భారమైంది?

అమలాపురం గృహిణి
గోదావరి జిల్లాల సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదుగురం, సంపాదించేది ఒక్కరు. జీతం పెరిగితే ఏడాదికొకసారి పెరుగుతుంది, ఖర్చు మాత్రం ప్రతి నెలా ఏదో ఒక వైపు నుంచి పెరుగుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో వంటనూనెల దిగుమతి సుంకం పెంచగానే మా వీధి కొట్టులో పొద్దుతిరుగుడు నూనె ధర వెంటనే పెరిగింది. 2025 మే నెలాఖరులో ముడి నూనెపై మూల సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు, అయినా పాత ధర తిరిగి రాలేదు. నేను అడగదలచినవి రెండు. నూనె విషయంలో మీరు దేనికి మారారు? మంచినీళ్లకు టిన్నులు కొనడం మేలా, ఇంట్లో ఫిల్టరు పెట్టించుకోవడం మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా వ్రాయండి.

భీమవరం అద్దెదారు
నూనె సంగతి తరువాత చూద్దామండి, ముందు కరెంటు గురించి మాట్లాడాలి. మేము పై వాటాలో అద్దెకు ఉంటున్నాము. మాకు విడి మీటరు లేదు, యజమాని పెట్టించిన సబ్‌మీటరు మాత్రమే ఉంది. యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేస్తారు. ఎందుకంత అని అడిగితే, 225 యూనిట్లు దాటితే మొత్తం వాడకానికీ 8.75 రూపాయల రేటు పడుతుందని చెబుతారు. రెండు కుటుంబాలు కలిసి 225 దాటకుండా ఉండడం ఏ వేసవిలోనైనా సాధ్యమేనా?

విశ్రాంత బిల్లింగ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం
నా ఉద్యోగ జీవితమంతా బిల్లుల లెక్కలలోనే గడిచింది కనుక ఈ విషయంలో నా మాటను ప్రమాణంగా తీసుకోవచ్చు. అద్దెదారు గారికి చెప్పిన లెక్క పూర్తిగా అసత్యం. 2022 ఏప్రిల్ నుంచి గృహ వినియోగదారులందరికీ ఒకే శ్లాబుల పట్టిక ఉంది. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. 226వ యూనిట్‌కు మాత్రమే 8.75 పడుతుంది, అంతకు ముందున్న 225 యూనిట్ల రేటు ఏమీ మారదు. 225 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 1,017 రూపాయలు, 226 యూనిట్లకు 1,025.75 రూపాయలు. చదువుకున్నవారు కూడా బిల్లు వెనుక ముద్రించిన పట్టిక చూడకుండా వాదించడం నాకు బాధ కలిగిస్తుంది.

భీమవరం అద్దెదారు
ఆ పట్టిక ముద్రించిన బిల్లు నా చేతికి వస్తే కదండీ చదవడానికి! అది యజమాని పేరున వస్తుంది, వారి బీరువాలోనే ఉంటుంది. సరే, మీ పట్టిక ప్రకారమే లెక్క వేశాను. మా వాటా వాడకం 120 యూనిట్లు. విడి మీటరు ఉంటే దానికి విద్యుత్ ఛార్జీ 394.50 రూపాయలు, నేను చెల్లిస్తున్నది 1,200. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు ఛార్జీ (కరెంటు కొనుగోలుకు అయిన అదనపు వ్యయం) అన్నీ కలిపినా ఆ తేడా పూడదు. రెండు కుటుంబాలు చెరి 150 యూనిట్లు వాడి విడి మీటర్లపై చెల్లిస్తే 567 చొప్పున మొత్తం 1,134 అవుతుంది. అదే 300 యూనిట్లు ఒక మీటరుపై పడితే 1,673 అవుతుంది. ఒక్క మీటరు కారణంగా ఊరికే పోతున్న ఆ 539 రూపాయలను ఎవరు భరించాలి?

పాలకొల్లు ఇంటి యజమాని
అద్దెదారులందరూ యజమానులను దొంగలుగా చిత్రించడం మానుకోవాలి. మా బాధ కూడా వినండి. 2024 చివరి నుంచి బిల్లులో కనిపించిన సర్దుబాటు సొమ్ము ఆ నెల వాడకానికి సంబంధించినది మాత్రమే కాదు. 2022-23లో ఆ మీటరుపై వాడిన యూనిట్లకు కూడా కట్టమన్నారు. 2022-23లో మా ఇంట్లో ఉన్నవారు ఖాళీ చేసి హైదరాబాదు వెళ్లిపోయారు. వారు వాడిన కరెంటుకు బాకీ మేము తీర్చవలసి వచ్చింది. ఇక మోటారు, మెట్ల దగ్గర దీపాలు, ఇంటి పన్ను ఎవరి లెక్కలో వేయాలి? పది రూపాయలు తీసుకోవడం అన్యాయమని నేను అనుకోవడం లేదు.

భీమవరం అద్దెదారు
ఇంటి పన్ను అద్దెలో ఉంటుంది, కరెంటులో ఉండదు. ఆ పాత సర్దుబాటు సొమ్మునే కొత్తగా వచ్చిన అద్దెదారుపై రుద్దితే మీరు చెప్పిన న్యాయం ఏమవుతుంది?

విశ్రాంత బిల్లింగ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం
ఇద్దరూ శాంతించండి. యజమాని గారు చెప్పిన పాత బాకీ విషయం నిజమే, దానికి మూలం తెలుసుకుంటే ఒకరినొకరు తిట్టుకోవలసిన పని ఉండదు. బొగ్గు ధర పెరిగినప్పుడు, బహిరంగ మార్కెట్‌లో కరెంటు కొన్నప్పుడు అయ్యే అదనపు వ్యయాన్ని ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు పేరిట వసూలు చేస్తారు. 2023 నుంచి నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు నేరుగా వేసుకునే వీలు పంపిణీ సంస్థలకు ఉంది, మిగిలినది ఏడాది చివర లెక్క తేల్చి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు తెస్తారు. అలా 2022-23కు సుమారు 6,073 కోట్లు, 2023-24కు సుమారు 9,412 కోట్లు వినియోగదారులపై పడ్డాయి. వాటి వసూలు 2024 డిసెంబరు, 2025 జనవరి నెలలలో మొదలైంది. శ్లాబు రేట్లు పెంచలేదని ప్రకటనలు చూస్తాము, అది నిజమే కూడా. కానీ బిల్లులో పెరిగిన భాగం శ్లాబు కింద ఉన్న ఈ సర్దుబాటు వరుసలోనే ఉంది.

ఆత్రేయపురం రైతు
ప్రతి చర్చలోనూ బియ్యం పేరు ఖర్చుల జాబితాలో చేరుతుంది, కనుక ఒక మాట చెప్పాలి. ఈ శీర్షికలోనూ ఉంది. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,777. తేమ 17 శాతం దాటిందని కోత వేసిన తరువాత అది కూడా పూర్తిగా చేతికి రాదు. ఆ బస్తాను మర ఆడిస్తే రమారమి 50 కిలోల బియ్యం వస్తాయి, అంటే కిలోకు ముప్పై ఆరు రూపాయలలోపే రైతు వాటా. మీరు కొట్టులో సన్నబియ్యానికి ఎంత ఇస్తున్నారో మీకే తెలుసు. మధ్యలో ఉన్న సొమ్ము మా ఇంటికి రావడం లేదు. నేను కౌలు రైతును. సార్వా పంట తుపానుకు పడిపోయినా కౌలు తగ్గదు. బియ్యం ధర పెరిగిందని వ్రాసే ముందు ఈ లెక్క కూడా వ్రాయండి.

అమలాపురం గృహిణి
రైతు గారూ, నేను ఎక్కడా రైతును నిందించలేదు. మా పుట్టింటివారు కూడా వ్యవసాయదారులే. కానీ మా ఇంట్లో బియ్యం కొనవలసిందే కదా.

ఆత్రేయపురం రైతు
మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం మన డెల్టాను ఇన్నేళ్లు నిలబెట్టింది. దానిని పండించిన ఊళ్లలోనే ఇప్పుడు తినేవారు తగ్గిపోయారు. అందరూ సన్నబియ్యమే కావాలంటారు. స్వర్ణ తింటే నెల ఖర్చు కొంత తగ్గుతుంది. నేను ఇంట్లో అదే వండిస్తాను.

మామిడికుదురు నివాసి
గ్యాస్ గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మా ప్రాంతం కింద నుంచే దేశానికి గ్యాస్ వెళుతోంది. 1995లో పాశర్లపూడి బావి మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంత ప్రమాదాన్ని భరిస్తున్న మా ఊళ్లలో నేటికీ సిలిండరు బుక్ చేసుకుని ఎదురుచూస్తున్నాము. పైగా సిలిండరు తెచ్చిన మనిషి రసీదు మీద ఉన్న ధరకు అదనంగా ముప్పై రూపాయలు ఇవ్వకపోతే దించడానికి సణుగుతాడు. ఏజెన్సీకి ఫిర్యాదు చేస్తే తరువాతి సిలిండరు ఆలస్యమవుతుందని ఇరుగుపొరుగువారు భయపడతారు. రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇవ్వడం మంచి పనే, అందులో సందేహం లేదు. అయితే ముందు పూర్తి ధర చెల్లించిన తరువాతే ఆ సొమ్ము ఖాతాలో పడుతుంది. రోజు కూలీతో బ్రతికే ఇంటికి ఆ మొత్తాన్ని ఒకేసారి తీయడమే కష్టం. సిలిండరు ఇచ్చేటప్పుడే మినహాయిస్తే ఏమవుతుంది?

తణుకు సౌర వినియోగదారు
కరెంటు గురించి ఇంత వాదన అనవసరం. మా డాబాపై 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టించాము, సూర్యఘర్ పథకం కింద కేంద్ర రాయితీ 78,000 రూపాయలు నేరుగా ఖాతాకు వచ్చింది. వేసవిలో ఏసీ వాడినా బిల్లు దాదాపు స్థిర ఛార్జీల దగ్గరే ఆగుతోంది. అందరూ ఇదే చేయాలి.

భీమవరం అద్దెదారు
అందరికీ డాబా ఉండదు.

మామిడికుదురు నివాసి
మాది పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి చెట్ల నీడ. 2025 అక్టోబరులో మొంథా తుపాను తీరం దాటిన రాత్రి మా ఇంటి పెంకులే నిలవలేదు. తీర గ్రామాలలో పలకలు ఎంత గాలికి తట్టుకుంటాయో, బీమా ఉంటుందో లేదో తెలిసినవారు చెప్పగలరా?

మొగల్తూరు ఉపాధ్యాయురాలు
అమలాపురం అక్క అడిగిన నీళ్ల ప్రశ్నను అందరూ వదిలేశారు, మాకు అదే అన్నిటికంటే పెద్ద ఖర్చు. మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, చేపల, రొయ్యల చెరువులు పెరిగిన తరువాత మరింత పాడయ్యాయి. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుతారు, ఆ నీరు చివరి వారాలలో పచ్చబడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నూటయాభై ఏళ్లు దాటింది, అయినా కాలువ చివరి ఊళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నాయి. అక్కా, మీ నీళ్లు ఉప్పగా లేకపోతే ఖరీదైన ఆర్వో యంత్రం అవసరం లేదు, మామూలు ఫిల్టరు చాలు. ఉప్పగా ఉంటే మాత్రం ఆర్వో తప్పదు. అది శుద్ధి చేసిన నీటికంటే ఎక్కువ నీటిని బయటకు వదిలేస్తుంది, ఆ నీటిని గిన్నెలు కడగడానికి పట్టుకోండి. కొనే ముందు నీటిని పరీక్ష చేయించండి. అమ్మేవారు ప్రతి ఇంటికీ ఆర్వోనే కావాలంటారు.

పాలకొల్లు ఇంటి యజమాని
టిన్ను నీళ్లు కూడా పరీక్ష చేయించాలి. మూత మీద ముద్ర లేని టిన్నులు మా వీధిలో చాలా తిరుగుతున్నాయి.

అమలాపురం గృహిణి
మొగల్తూరు చెల్లీ, ధన్యవాదాలు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉండవు, కొంచెం చిలుము వాసన మాత్రం వస్తుంది. పరీక్ష చేయించిన తరువాతే కొంటాను. నూనె విషయంలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆత్రేయపురం రైతు
అమ్మా, గానుగలో వేరుశనగ ఆడించుకోండి. ధర ప్యాకెట్ కంటే ఎక్కువే పడుతుంది, కానీ మా ఇంట్లో వాడకం బాగా తగ్గింది. సుంకం తగ్గించమని అడిగేవారు మెట్ట ప్రాంతంలో పామాయిల్ తోటలు వేసిన రైతులను కూడా గుర్తుంచుకోవాలి. సుంకం తగ్గినప్పుడల్లా వారి గెలల ధర పడిపోతుంది.

భీమవరం అద్దెదారు
విశ్రాంత ఉద్యోగి గారూ, యజమాని సమ్మతించకపోయినా పై వాటాకు విడి మీటరు తెచ్చుకునే మార్గం ఉందా? ఈ ఒక్కదానికి సమాధానం ఇవ్వండి.