‘తప్పులెన్నువారు’ పద్యం, డర్క్‌హైమ్ నేరసిద్ధాంతం

ప్రశ్న: హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కు చదువుతున్నాను. సోషియాలజీ ఆప్షనల్ తెలుగులో రాస్తాను. ప్రతి సమాజంలోనూ నేరం ఉండటం సహజమన్న ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త డర్క్‌హైమ్ వాదానికి ఈ వేమన పద్యాన్ని ఉదహరించవచ్చా? రెండూ చెప్పేది ఒకటేనా? పెద్దలు దయచేసి వివరించగలరు.

తప్పులెన్నువారు తండోపతండంబు
లుర్వి జనులకెల్ల నుండు దప్పు
తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు
విశ్వదాభిరామ వినురవేమ

జవాబు: తప్పకుండా ఉదహరించవచ్చు తమ్ముడూ, కానీ ఏ పాదాన్ని ఏ వాదానికి జత చేస్తున్నావో చూసుకోవాలి. అందరి చూపూ రెండో పాదం మీదికే పోతుంది. తప్పు లేని మనిషి లేడని వేమన అన్నాడు, నేరం లేని సమాజం లేదని డర్క్‌హైమ్ 1895లో రాశాడు, కాబట్టి ఇద్దరిదీ ఒకే మాట అనిపిస్తుంది. నిజానికి వేమన చూపు ఒక్కొక్క మనిషి గుణదోషాల మీద ఉంది. డర్క్‌హైమ్‌కు వాటితో పని లేదు. అందరూ సాధుపుంగవులే ఉన్న మఠాన్ని ఊహించుకోమంటాడు: అక్కడ హత్యలూ దొంగతనాలూ ఉండవు గాని, బయటివాళ్లు పట్టించుకోని చిన్న లోపమే అక్కడ ఘోరాపరాధమై కూర్చుంటుంది. అంటే మనుషులు ఎంత మంచివాళ్లయినా తప్పొప్పుల మధ్య గీత జరుగుతుందే తప్ప చెరిగిపోదు. నేరాలు మితిమీరి పెరిగితే అది రోగలక్షణమేనని కూడా ఆయన అన్నాడు. ఈ రెండో సగాన్ని చాలామంది జవాబుల్లో వదిలేస్తుంటారు.

నా అభిప్రాయంలో డర్క్‌హైమ్‌కు అసలు దగ్గరగా ఉన్నది మొదటి పాదం. ‘ఎన్ను’ అంటే లెక్కించడమే కాదు, ఫలానాదిగా పరిగణించడం కూడా. ఒక పనిని నేరం గనక మనం ఖండించడం లేదు, మనం ఖండిస్తాం గనకనే అది నేరమవుతోంది అని 1893 నాటి శ్రమవిభజన గ్రంథంలో ఆయన వాదించాడు. తప్పు ఎన్నేవాళ్లు తండోపతండాలుగా కూడినప్పుడు, వాళ్లందరి కోపంలోంచి ‘మనం’ అనే భావం గట్టిపడుతుంది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త కై ఎరిక్సన్ 1966లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లనే కఠిన నిష్ఠగల క్రైస్తవుల చరిత్రను ఇదే కోణంలో పరిశీలించాడు. అక్కడ 1630లలో మతవివాదం రేపినవాళ్లు, తరువాత క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవారు, 1692లో సేలంలో మంత్రగత్తెలని ముద్రపడినవాళ్లు వరసగా దోషులయ్యారు. సమాజం తన హద్దులు ఎక్కడున్నాయో తేల్చుకోలేక తల్లడిల్లిన ప్రతిసారీ కొత్త దోషులను వెతుక్కుందన్నది ఆయన నిర్ధారణ.

నేరం గురించి రాసేటప్పుడు డర్క్‌హైమ్ పక్కనే వచ్చే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మెర్టన్‌ను మాత్రం ఈ పద్యంతో కలపవద్దు. ఆయన దారి వేరు. 1938 వ్యాసంలో ఆయన అమెరికాలో డబ్బు సంపాదించడమే అందరి గమ్యంగా నిలబెట్టి, అక్కడికి చేరే న్యాయమైన దారులను అందరికీ సమానంగా ఇవ్వకపోవడంలో నేరానికి మూలం చూశాడు. ఆ గమ్యాన్నీ దారులనూ ఒప్పుకోవడాన్ని బట్టి మనుషులను ఐదు రకాలుగా పట్టిక వేశాడు. నువ్వున్న చోటునే చూడు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకుని, జిరాక్సు నోట్సు ముందేసుకుని నమ్మకంగా చదివేవాడు గమ్యాన్నీ దారినీ రెండింటినీ ఒప్పుకున్నవాడు. అదే ఉద్యోగం కోసం ప్రశ్నపత్రం కొనుక్కునేవాడిది మెర్టన్ చెప్పిన ‘నూతన మార్గం’. వాడికీ గమ్యం అదే, దారి ఒక్కటే మారింది. ఉద్యోగం వస్తుందన్న ఆశ ఎప్పుడో వదులుకుని, అలవాటు కొద్దీ రోజూ అదే కుర్చీలో అదే పుస్తకం తెరిచేవాడు ఆచారవాది. మెర్టన్ పట్టికలో నా మనసు ఎక్కువగా కలతపడేది ఇతని గురించే, ఎందుకంటే ఇతను ఏ చట్టమూ మీరడు, అందుచేత ఎవరి కంటా పడడు. అన్నీ వదిలి తప్పుకునేవాడు, గమ్యాన్నే మార్చాలని తిరగబడేవాడు మిగతా ఇద్దరు.

ఇక మూడో పాదాన్ని విమర్శ భాగానికి దాచుకో. ప్రకార్యవాదులు, అంటే సమాజంలో ప్రతిదానికీ ఒక ప్రయోజనం ఉందని చూసే డర్క్‌హైమ్ వంటివారు, తప్పు ఎన్నడం వల్ల సమాజానికి ఏం ఒరుగుతుందో చెప్పారు గాని, ఎన్నే అధికారం ఎవరి చేతిలో ఉందో గట్టిగా అడగలేదు. పెద్దమనుషులు వ్యాపారాల్లో చేసే నేరాలు నేరాల లెక్కలోకే రావడం లేదని అమెరికన్ నేరశాస్త్రవేత్త సదర్లాండ్ 1939లో ఎత్తిచూపాడు. ‘తమ తప్పులెరుగరు’ అన్న మాట అక్కడ అతికినట్టు సరిపోతుంది.

మరో సభ్యురాలు: వివరణ బాగుందండీ. ‘నుండు దప్పు’ అచ్చుతప్పా? మా పిల్లల పుస్తకంలో ‘నుండు తప్పు’ అని ఉంది.

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా, అది గసడదవాదేశం, అంటే క, చ, ట, త, ప లు వరసగా గ, స, డ, ద, వ లుగా మారే సంధి. ‘వత్తురు వోదురు’ అన్నట్టే క్రియాపదం తరువాతి తకారం దకారమైంది. ఈ ఆదేశం వైకల్పికం కాబట్టి రెండు రూపాలూ సాధువులే, ఛందస్సుకూ ఏ భంగమూ లేదు.