"కనికల్ల"లో "ని"

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. సుమతీ శతకంలో బద్దెన పద్యం "వినదగు నెవ్వరు చెప్పిన / వినినంతనె వేగపడక వివరింపదగున్ / కనికల్ల నిజము దెలిసిన / మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ" ఉంది కదా, అందులో ఒక పాదం తేలక మూడు తరాలవాళ్లం వాదించుకుంటున్నాం, మీరు తీర్చాలి. డిటెక్టివ్ సీరియల్ "కొలంబో"లో "మర్డర్ బై ది బుక్" ఎపిసోడ్ చూశాం. 1971లో స్పీల్‌బర్గ్ తీసింది, ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. రచయిత జిమ్ భార్య జోవానా ఫోన్లో భర్త గొంతు వింది, వెంటనే తుపాకీ పేలిన చప్పుడు వింది. ఆఫీసులో పని చేసుకుంటున్న మనిషిని అక్కడే చంపేశారని నమ్మింది. ఆవిడ విన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే జిమ్ అప్పుడున్నది లాస్ ఏంజెలెస్ ఆఫీసులో కాదు, శాన్ డియేగో దగ్గర, అతని తోటి రచయిత కెన్ కేబిన్లో. చంపింది ఆ కెనే. ఆ సీన్ చూడగానే మా పెద్దత్తయ్య "వినినంతనె వేగిరపడక" అన్నారు. "వేగపడక" కదా అన్నాను. అక్కడ మొదలై మూడో పాదం దాకా వచ్చింది గొడవ. "కని, కల్ల నిజము దెలిసిన" అని నేను విడగొట్టి చదువుతాను. ఆవిడ "కనికల్ల" అని ఒకే మాటగా చదువుతారు, అర్థం కూడా వేరే చెబుతారు. ఏది సరైనది?

కందం:
మొదటిది తేలిక. "వేగిరపడక" కందంలో ఇమడదు. వినినం - తనెవే - గపడక - వివరిం - పదగున్. మూడో గణం నలం, అంటే నాలుగు లఘువులు, నాలుగో గణం మొదట "వి" యతి. "వేగిర" అంటే ఒక లఘువు ఎక్కువై, యతి స్థానంలో "వి" బదులు "క" వచ్చి కూర్చుంటుంది. పెద్దత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, వాడుకలో "వేగిరపడు" ఎక్కువ కాబట్టి నాలుక అటు పోయిందని చెప్పండి. రెండోది మాత్రం మీరనుకున్నంత తేలిక కాదు.

పాతపుస్తకం:
పెద్దత్తయ్యగారి పాఠమే సరైనదని నా నమ్మకం. "కనికట్టు" మాట తెలుసుగా? కన్ను కట్టేయడం, అంటే ఉన్నది కనపడకుండా లేనిది చూపించడం. "కనికల్ల" కూడా అలాంటిదే. కంటికి నిజంలా కనిపించే కల్ల. "కనికల్ల నిజము దెలిసిన మనుజుడె పో నీతిపరుడు" అంటే, కంటిని మోసం చేసే అబద్ధం వెనకున్న నిజం తెలుసుకున్నవాడు అని. ఇంకో సంగతి. "కల్ల, నిజము" అని ద్వంద్వమైతే బహువచనం రావాలి కదా, "కల్లనిజములు" అని. పద్యంలో "నిజము" అని ఏకవచనమే ఉంది. తెలుసుకోవలసింది ఒక్కటే, నిజం.

మాస్టారు:
బాబూ, పద్యమంతా కలిపి చదవాలి. మొదటి రెండు పాదాలు వినడం గురించి, మూడో పాదం చూడడం గురించి. "వినినంతనె" అన్నవాడు వెంటనే "కని" అన్నాడు. విని ఆగు, కని తేల్చు. ఎంత చక్కటి నడక! "కని"ని క్త్వార్థంగా, అంటే "చూసి" అని, తీసుకోకపోతే ఈ జంట విరిగిపోతుంది. పైగా కన్ను ముందొచ్చే సమాసాలన్నీ చూడు. కనురెప్ప, కనుబొమ, కనుసన్న, కనుచూపు. అన్నిట్లో "కను"యే. సమాసమైతే "కనుకల్ల" అనాలి. ప్రాస "న"కారానికే గాని అచ్చుకి పట్టింపు లేదు కాబట్టి "కనుకల్ల" అన్నా ఛందస్సు అడ్డుపడదు. అయినా "కని" అనే ఉంది. ఈ పేచీ అంతా ఆ "ని"లోనే ఉంది, అదే నా పక్షం.

పాతపుస్తకం:
మాస్టారూ, మరి "కనికట్టు"లో "ని" ఎక్కడిది?

మాస్టారు:
"కనుకట్టు" అని కూడా ఉంది. "కనికట్టు" దాని రూపాంతరం. వాడుకలో అరిగిన ఒక మాటను పట్టుకుని శతక పద్యాన్ని వంచకూడదు. ఇక ఏకవచనం మాట. "కూర్చుని కష్టసుఖం మాట్లాడుకున్నారు" అంటాం. "మంచీచెడ్డా చూడు" అంటాం. బహువచనం ఎక్కడుంది? తెలుగులో ఇలాంటి జంటమాటలు ఏకవచనంలో హాయిగా నడుస్తాయి.

ఓరుగల్లు పిల్ల:
మీరిద్దరూ "కని" దగ్గర ఆగిపోయారు. అసలు పద్యానికి ప్రాణం "వివరింపదగున్"లో ఉంది. ఇవాళ వివరించడమంటే ఎదుటివాళ్లకి విడమరిచి చెప్పడం. ఆ అర్థంలో చదివితే "విన్నవెంటనే తొందరపడకుండా అందరికీ వివరంగా చెప్పాలి" అని వస్తుంది! పుకార్లు మోసేవాడికి చెప్పినట్టుంటుంది. ఇక్కడ వివరించడమంటే తెరిచి చూడడం, పరిశీలించడం. తాత్పర్యాల్లో కూడా పరిశీలించాలనే ఉంటుంది. అమరకోశంలో "కుహరం సుషిరం వివరం బిలం" అని వస్తుంది. వివరమంటే రంధ్రం, బిలం. మూసి ఉన్నదానిలో ఒక సందు చేసి లోపలికి చూడడమే వివరించడం అని నాకనిపిస్తుంది. కొలంబో చేసే పని అదే. కెన్ చెప్పిన ప్రతి మాటా వింటాడు, ఒక్కదాన్నీ కాదనడు. వాకిట్లో పచ్చిక మీద తోటి రచయిత శవం పడి ఉంటే, ఇంట్లోకెళ్లి పోస్టులో వచ్చిన ఉత్తరాలు విప్పుకున్నాడు కెన్. ఆ చిన్న సందులోంచే కొలంబో లోపలికి తొంగి చూశాడు.

కందం:
అమ్మా, బిలం అర్థం నామవాచకానిది. "వివరించు" వచ్చింది వివరణం నుంచి. ధాతువు ఒకటే అయినా బిలాన్ని క్రియలోకి లాక్కురావడం అన్వయానికి దూరం. "పరిశీలించు" అన్నంతవరకు ఒప్పుకుంటాను.

ఓరుగల్లు పిల్ల:
ధాతువు ఒకటేనని మీరే అన్నారు. కప్పి ఉన్నదాన్ని తీయడం అనే భావం రెండింట్లోనూ ఉంది. నేనన్నదీ అంతే కదా.

అరసున్న:
"నిజము దెలిసిన" అని టైపు చేస్తున్నారంతా. "నిజముఁ దెలిసిన" అని అరసున్నతో రాయాలి. ద్వితీయ అది. ద్రుతం, అంటే చివరి నకారం, మీద పరుషం సరళమైంది కాబట్టి "తె" కాస్తా "దె" అయింది. అరసున్న తీసేస్తే ఆ "దె" ఎక్కడి నుంచి ఊడిపడిందో పిల్లలకి ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క గుర్తు ఉంటే అన్వయం సగం తేలిపోతుంది. తెలియవలసిన వస్తువు ఏదో అరసున్నే చెబుతుంది.

పాతపుస్తకం:
అదే నేనూ అంటున్నాను. తెలియవలసిన వస్తువు నిజం. కల్ల కాదు.

మాస్టారు:
ద్వంద్వానికి చివర కూడా ద్వితీయే వస్తుంది నాయనా. అరసున్న నీ పక్షానా లేదు, నా పక్షానా లేదు.

బెజవాడ రైలు:
నేను ఎపిసోడ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పద్యానికీ అది కావాలి. అందరూ మెచ్చుకుంటారు గాని ముగింపు నాకు బలహీనంగా తోచింది. ఫోన్ చప్పుడుతో హత్యాస్థలాన్ని మార్చే ఉపాయం రాసి ఉన్న పాత కాగితం దొరుకుతుంది. దాంతో కెన్ ఒప్పేసుకుంటాడు. కోర్టులో ఆ కాగితం ఎంతసేపు నిలబడుతుంది? ఆ ఎపిసోడ్ గొప్పతనం మొదట్లో ఉంది. దారిలో కారు వస్తుంటే మనకి ఇంజిన్ చప్పుడు వినిపించదు, జిమ్ టైప్‌రైటర్ చప్పుడే వినిపిస్తుంది. చూసేది ఒకటి, వినేది ఇంకొకటి. మొత్తం నేరం ఎలా జరగబోతోందో ఆ మొదటి నిమిషాల్లోనే శబ్దంతో చెప్పేశాడు దర్శకుడు. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. ఇక పద్యం సంగతి. బద్దెన "తెలిసిన" అన్నాడు, "నిరూపించిన" అనలేదు. కొలంబోకి తెలిసింది. నిరూపించాడా అన్నది వేరే ప్రశ్న. నీతిపరుడు కావడానికి తెలిస్తే చాలా?

గోదారిగట్టు:
ముగింపు విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది. కెన్ ఒప్పుకున్నది కాగితానికి భయపడి కాదు. ఆ ఉపాయం తనదని, తన జీవితంలో తట్టిన ఒకే ఒక్క మంచి ఆలోచన అదని చెప్పుకోవడానికి. పుస్తకాలన్నీ జిమ్ రాస్తే పేరు తను పంచుకున్న మనిషి. ఆ ఒక్కటి మాత్రం వదులుకోలేకపోయాడు. అక్కడ నాకు చాలా బాధేసింది. కానీ దయచేసి "కని" సంగతి తేల్చండి.

మాస్టారు:
బద్దెన పేరు చెప్పారు గనక ఒకటి అడుగుతాను. సాక్షి తెలిసీ ఊరుకుంటే ఏమవుతుందో బద్దెనకంటే గొప్పగా చెప్పినవాడు తిక్కన. ఉద్యోగపర్వంలో కౌరవ సభలో కృష్ణుడి మాట.

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడబాఱినదైన యవస్థ దక్షులె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవముండెడున్.

ధర్మమూ సత్యమూ పాపం చేత, బొంకు చేత దరి చేరలేక చెడిపోతుంటే, దక్షులై ఉండీ ఉపేక్షించినవాళ్లకే అది చేటు, ధర్మాన్నీ సత్యాన్నీ కాపాడడానికి దైవం ఉంది అని. రాయబారం అనగానే జనానికి తిరుపతి వేంకట కవుల "చెల్లియో చెల్లకో" గుర్తుకొస్తుంది. రంగస్థలం మీద ఆ పద్యానికున్న ఊపు దానిదే. కానీ ఈ పద్యం పాడడానికి కాదు, సభలో ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తూ చెప్పడానికి. "దక్షులె" అని పాదం చివర ఆగి, "వ్వార లుపేక్ష" అని తర్వాతి పాదంలో దిగుతుంది. ఆ ఆగిన క్షణంలో భీష్ముడూ ద్రోణుడూ తలెత్తి చూసి ఉంటారు. ఇక ఎపిసోడ్లో ఆ కొట్టు నడుపుకునే లిల్లీ లా సాంకా ఉందే, కెన్ కారులో జిమ్‌ని చూసిన మనిషి. పోలీసులకి చెప్పలేదు, డబ్బడిగింది. "అది వారల చేటగు" అన్నది అక్షరాలా జరిగింది.

కందం:
మాస్టారూ, తిక్కన మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ ఇక్కడ దక్షులంటే ఆపగల శక్తి ఉన్నవాళ్లు. సభలో అధికారమున్న పెద్దలు. ఒంటరిగా కొట్టు నడుపుకునే ఆవిడ దక్షురాలెలా అవుతుంది? ఉపేక్ష అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. ఆవిడ ఊరుకోలేదు, బేరం పెట్టింది. ఆ పద్యం ఆవిడకి అంటదు.

మాస్టారు:
చెప్పగలిగీ చెప్పకపోవడం ఉపేక్ష కాదా? ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఆ మాత్రం దక్షత ఆవిడకి ఉంది. సత్యం "పారము బొందలేక" ఉన్నప్పుడు దరి చేర్చగలిగిన ప్రతివాడూ దక్షుడే. తిక్కన "ఎవ్వారలు" అన్నాడు, భీష్మద్రోణులని పేరు పెట్టలేదు. ఆ "ఎవ్వారలు"లో మనందరం ఉన్నాం.

ఓరుగల్లు పిల్ల:
మాస్టారి మాటే నాకు నచ్చింది. సుమతిలో "ఎవ్వరు చెప్పిన", తిక్కనలో "ఎవ్వారలు". వినవలసినప్పుడు ఎవరి మాటైనా వినాలి, తప్పించుకోవాలంటే మాత్రం ఎవరికీ కుదరదు. కొలంబో జోవానాని ఇంటికి తీసుకెళ్లి ఆమ్లెట్ వేసిపెట్టి, నిదానంగా కబురు అడుగుతాడు చూడండి. వినదగునని నమ్మినవాడు వినే తీరు అది. నాకు మొత్తం ఎపిసోడ్లో అన్నిటికంటే ఇష్టమైన సీన్ అదే.

బెజవాడ రైలు:
"కని" గురించి నాకొకటి తడుతోంది. ఈ సీరియల్లో హంతకుణ్ణి మనకి ముందే చూపించేస్తారు. మనం కన్నాం, కొలంబో వినడమే. ఆఖరిదాకా హత్య ఆయన కళ్ల పడదు. "కని" అంటే కళ్లతో చూసి అనే అర్థమొక్కటే పెట్టుకుంటే, మాస్టారి అన్వయంలో కొలంబో నీతిపరుడి లెక్కలోకే రాడు. చూడని నేరాన్ని తేల్చడమే కదా ఆయన పని.

మాస్టారు:
"కనుట"కి తెలుసుకొనుట అనే అర్థం ఉంది. కనుగొన్నాడు, కనిపెట్టాడు అంటాం. కనిపెట్టడానికి కన్నే అక్కర్లేదు.

పాతపుస్తకం:
దొరికారు మాస్టారూ! "కని" అంటేనే తెలుసుకొని అయితే, వెంటనే మళ్లీ "దెలిసిన" ఎందుకు? "తెలుసుకొని కల్ల నిజము తెలిసిన" అని పునరుక్తి వస్తుంది. కళ్లతో చూసి అంటే కొలంబో పోతాడు, తెలుసుకొని అంటే పునరుక్తి. నా అన్వయంలో ఈ రెండు ఇబ్బందులూ లేవు.

మాస్టారు:
పరిశీలించి, ఆ తర్వాత తెలుసుకోవడం. ముందు కనడం, పిమ్మట తెలియడం. రెండు మెట్లు. పునరుక్తి కాదు.

అరసున్న:
విడిగా రాయాలా కలిపి రాయాలా అని అడిగారు గోదారిగట్టుగారు. తాటాకు మీద మాటలకీ మాటలకీ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. ఈ ఖాళీలు అచ్చులో వచ్చాయి. ఏ ముద్రణలో కలిసి ఉంది, ఏ ముద్రణలో విడిగా ఉంది అని చూస్తే అచ్చువేసినవాళ్ల అభిప్రాయం తెలుస్తుందే తప్ప కవిది తెలియదు.

గోదారిగట్టు:
అయితే పాడేటప్పుడు ఎక్కడ ఆపాలి? మా అబ్బాయి బడిలో "కనికల్ల" దాకా ఒక్క ఊపిరిలో పాడి అక్కడ ఆపుతారట.

కందం:
గణం "కనికల్" దగ్గర తెగుతుంది. "ల్ల" తర్వాతి గణానికి పోతుంది. మీ అబ్బాయి "కల్ల" పూర్తిచేసి ఆపుతున్నాడంటే, గణాన్ని కాదు, మాటనే చూస్తున్నాడు. కానీ అక్కడ ఆపితే "కని"కి "కల్ల" అతుక్కుని పాతపుస్తకం గారికే బలం. "కని" దగ్గర ఆపమనండి.

పాతపుస్తకం:
రెండక్షరాలకే ఊపిరి తెంపితే పద్యం కుంటుతుంది కందంగారూ. పిల్లల నోట్లో పద్యం ఎలా నిలిచిందో అదీ ఒక సాక్ష్యమే. అది సరే, రెండో పాదం తేలిపోయిందని మొదట్లోనే మూసేశారు, నాకింకా తేలలేదు. "వేగు" అంటే గూఢచారి. వేగులవాడు అంటాం. "వేగుపడక" అని చదివితే? గపడక అన్నా గుపడక అన్నా నలమే, యతి చెడదు. వేగువాడు తెచ్చిన కబురు వినగానే దానికి లోబడిపోక, అని రాజనీతి పద్యంగా నిలబడుతుంది. బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి రాసినవాడు కూడా.

మాస్టారు:
"వేగుపడు" అనే క్రియ ఎక్కడైనా ప్రయోగం చూపించు, అప్పుడు మాట్లాడదాం.