అప్‌డేట్: పల్స్ ఉంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ లేనట్టేనా?

టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ఫ్రాక్చర్‌కి కట్టు వేశాక పాదంలో పల్స్ అందుతుంటే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (కండరాల చుట్టూ ప్రెషర్ పెరిగి వాటికి రక్తం అందకపోవడం) లేదనుకోవచ్చా అని మొన్న అడిగా కదా, మా ఆర్థో సార్‌ని కూడా అడిగేశా, అస్సలు అనుకోకూడదట. కండరం చుట్టూ ప్రెషర్ పెరిగి డయాస్టాలిక్ బీపీకి (బీపీలో కింది అంకె) 30 ఎంఎం తేడాలోకి వచ్చేసిందంటే లోపలి సన్న నాళాల్లో రక్తం ఆడదు, పెద్ద ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది, అది ఆగేదాకా చూస్తూ కూర్చుంటే కండరం చచ్చిపోతుంది. అసలు పట్టుకోవాల్సింది నొప్పి, ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గదు, బొటనవేలు మెల్లగా కిందికి వంచితే చాలు పేషెంట్ కేక పెడతాడు. ఐదు పీలు (ఇంగ్లిష్‌లో P తో మొదలయ్యే ఐదు లక్షణాలు) బట్టీ పట్టిస్తారు గానీ పాలిపోవడం, పల్స్ పోవడం బాగా లేటు. అనుమానం రాగానే సీనియర్‌కి చెప్పి కట్టుని లోపలి దూదితో సహా చర్మం కనపడేదాకా చీల్చాలి, కాలు గుండె లెవెల్లోనే ఉంచాలి (ఎత్తులో పెడితే రక్తం ఇంకా తగ్గుతుంది, ఇది నాకు కొత్త), అప్పటికీ తగ్గకపోతే వెంటనే ఫాషియాటమీ (కండరం చుట్టూ ఉన్న బిగుతు పొరని కోసి ప్రెషర్ తగ్గించే ఆపరేషన్). స్పృహలో లేని పేషెంట్‌కైతే సూదితో ప్రెషర్ కొలుస్తారట.